మంచు క్రింద మేత

రేడియో ప్రసంగ పాఠము
వాక్యభాగములు: యెహెజ్కేలు 34:17–19, లేవీయకాండము 25:1–7



యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం అనగానే కాపరులను దేవుడు గద్దించిన సంగతే మనకు గుర్తుకు వస్తుంది. అయితే 17వ వచనం దగ్గర ఆయన మంద వైపు కూడా తిరుగుతాడు. బలిసిన గొఱ్ఱెలు మంచి మేత మేశాయి. అంతటితో ఆగక మిగిలిన మేతను కాళ్ళతో తొక్కి పాడుచేశాయి. వెనుక వచ్చే బలహీనమైన గొఱ్ఱెలకు ఆ తొక్కినదే దిక్కయింది. దేవుడు ఆ సంగతి అడుగుతున్నాడు. గమనించండి, మేయడం తప్పని ఆయన అనలేదు. మేత ఆయన ఇచ్చినదే. నీవు తిన్న తరువాత మిగిలినదాని గతి ఏమిటి? ఇదీ ఆయన ప్రశ్న.

తొక్కితే మాత్రం ఏమవుతుంది, వాన పడితే మళ్ళీ మొలుస్తుంది కదా అని మనకు అనిపించవచ్చు. మన ప్రాంతంలో తొలకరి పడిన కొద్ది రోజులకే బీడు పచ్చబడుతుంది. అందుకే ఈ వచనం బరువు మనకు సులువుగా తెలియదు. ఒకసారి పోతే తిరిగి రావడానికి ముప్పై, నలభై ఏళ్ళు కూడా చాలని మేత ఈ భూమి మీద ఉంది. ఆ మేత గురించి, దానిని తిని బ్రతికే మందల గురించి ఈ రోజు మీకు వివరించాలని కోరుతున్నాను. అది తెలిస్తే ఈ వాక్యం మనకు కొత్తగా వినబడుతుంది.

అలాస్కా, కెనడా, నార్వే, ఫిన్లాండ్, రష్యాల ఉత్తరపు అంచున చెట్లు పెరగని చల్లని మైదానాలున్నాయి. వాటిని టండ్రా అంటారు. అక్కడ చాలాచోట్ల కొద్ది అడుగుల లోతున నేల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవి రెండు మూడు నెలలే. మిగిలిన కాలమంతా మంచు. మనుష్యులు లేని ఎడారిలో కూడా దేవుడు వర్షం కురిపించి పచ్చిక మొలిపిస్తాడని యోబు గ్రంథం 38వ అధ్యాయంలో చదువుతాము. టండ్రాను చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. అక్కడి నేలను కప్పి ఉండే వాటిలో ముఖ్యమైనది లైకెన్.

లైకెన్ అనే పేరు మీకు కొత్త కావచ్చు గాని, ఆ జాతి వస్తువు మీ వంటింట్లో ఉండవచ్చు. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెనే. పేరుకు పువ్వు గాని అది పువ్వు కాదు. మొక్క కూడా కాదు. ఒక శిలీంధ్రము, ఒక శైవలము కలిసి కాపురమున్న జీవి అది. అంటే బూజు, పుట్టగొడుగుల కుటుంబానిది ఒకటి, నీటి పాచి కుటుంబానిది ఒకటి. శిలీంధ్రం ఇల్లు కట్టి తేమను పట్టి ఉంచుతుంది. శైవలం సూర్యకాంతితో ఆహారం తయారు చేస్తుంది. విడివిడిగా బ్రతకలేని చోట ఆ రెండూ కలిసి బ్రతుకుతున్నాయి.

టండ్రాలో నేల మీద పెరిగే ఒక రకాన్ని రెయిన్‌డీర్ లైకెన్ అంటారు. లేత బూడిద రంగులో, చిన్న చిన్న పగడపు కొమ్మల్లా ఒత్తుగా అల్లుకొని పరుపులా ఉంటుంది. దానికి వేళ్ళు లేవు. గాలిలో నుండి, వాన నీటిలో నుండి, మంచు తేమలో నుండే తనకు కావలసినది తీసుకుంటుంది. తడిగా ఉన్నప్పుడే పెరుగుతుంది, ఎండితే ఆగిపోతుంది. అందుకే అది ఏడాదికి పెరిగేది సుమారు 3 నుండి 5 మిల్లీమీటర్లు మాత్రమే. మన చూపుడు వ్రేలంత ఎత్తు పెరగాలంటే ఇరవై ఏళ్ళు పడుతుందన్నమాట.

ఈ లైకెన్‌ను మేసేది కారిబూ. ఉత్తర అమెరికాలో అడవి మందలుగా తిరిగే దానిని కారిబూ అంటారు. ఐరోపా, ఆసియా ఖండాల ఉత్తరాన ఉన్నదానిని రెయిన్‌డీర్ అంటారు. అక్కడ వాటిని చాలావరకు మనుష్యులే మందలుగా పెంచుతారు. పేర్లు రెండైనా జాతి ఒక్కటే. కారిబూ అనే పేరు కెనడా తూర్పు తీరాన నివసించే మిగ్మా ప్రజల భాషలో నుండి వచ్చింది. మంచును త్రవ్వేది అని దాని భావం.

సృష్టికర్త జ్ఞానాన్ని చూడండి. చలికాలంలో కారిబూ మంచు మీద ముక్కు పెట్టి క్రింద ఉన్న లైకెన్‌ను వాసన పడుతుంది. ముందు కాలి గిట్టతో గుంట త్రవ్వుతుంది. వేసవిలో మెత్తగా ఉండే అరికాలు చలికాలంలో ముడుచుకుపోయి, గిట్ట అంచు పారలాగా పదునుగా పైకి తేలుతుంది. జింకజాతుల్లో సాధారణంగా మగవాటికే కొమ్ములుంటాయి. కారిబూలలో మాత్రం ఆడవాటికి కూడా ఉంటాయి. పెద్ద మగవి చలికాలం ఆరంభంలోనే కొమ్ములు రాల్చుకుంటే, చూలుతో ఉన్న ఆడవి ఈనే కాలం దాకా నిలుపుకుంటాయి. తాను కష్టపడి త్రవ్వుకున్న గుంటలోకి ఇంకొకటి వస్తే వాటితోనే తరిమికొడతాయి. కడుపులో ఉన్న పిల్లకు మేత దక్కడానికి ఆ కొమ్ములు.

ఇంకొక సంగతి. లైకెన్‌ను చాలా జంతువులు అరిగించుకోలేవు. కారిబూ పొట్టలో ఉండే సూక్ష్మజీవులు దానిని అరిగిస్తాయి. అందులో మాంసకృత్తులు బహు తక్కువ, శక్తినిచ్చే పిండిపదార్థం ఎక్కువ. కాబట్టి వేసవిలో గడ్డి, ఆకులు, చిగుళ్ళు మేసి ఒళ్ళు చేసుకుంటాయి. చలికాలంలో లైకెన్ తిని ఒంట్లో వేడి నిలుపుకుంటాయి. వేసవి మేత ఎదుగుదలకు, చలికాలపు మేత ప్రాణం నిలవడానికి.

మరి ఇంత నెమ్మదిగా పెరిగే లైకెన్, వేలకొలది నోళ్ళు మేస్తుంటే ఎలా నిలిచి ఉంటుంది? ఇక్కడే అసలు సంగతి ఉంది. దయచేసి జాగ్రత్తగా వినండి.

చలికాలంలో మంద గుంటలు త్రవ్వి మేసేటప్పుడు, త్రవ్వని చోటునంతా మంచు దుప్పటిలా కాపాడుతుంది. కారిబూ పైకొసలను మాత్రమే కొరికితే క్రింది భాగం బ్రతికే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. వేసవిలో సంగతి వేరు. ఎండకు ఎండిన లైకెన్ అప్పడంలా పెళుసుగా ఉంటుంది. దాని మీద వేలాది గిట్టలు పడితే నలిగి పొడి అవుతుంది, గాలికి ఎగిరిపోతుంది. అప్పుడు మంద దానిని తినదు, తొక్కుతుంది అంతే. నోటి వల్ల పోయేదానికంటే కాళ్ళ వల్ల పోయేది ఎక్కువయ్యే కాలమది. యెహెజ్కేలు చెప్పినది సరిగ్గా ఇదే కదా!

అందుకే దేవుడు ఈ మందలకు ఒకచోట నిలవని స్వభావం పెట్టాడు. పెద్ద కారిబూ మందలు ఏటా వందల కిలోమీటర్లు నడుస్తాయి. వేసవిలో సముద్రతీరపు పచ్చిక మీదికి, చలికాలంలో లోపలి లైకెన్ నేలలకు. ఒక చలికాలం మేసిన చోటికే మరుసటి ఏడు తప్పక రావాలని లేదు. మంద వెళ్ళిపోయిన నేల విశ్రమిస్తుంది. మేత తక్కువైతే మంద తగ్గుతుంది, నేల కోలుకున్నాక మళ్ళీ పెరుగుతుంది. మేయడమే లైకెన్‌కు శత్రువు అనుకోకండి. లైకెన్‌పై నీడ కమ్మే పొదలను కూడా ఈ మందలే కొరికి అదుపులో ఉంచుతాయి. మేసి కదిలిపోయే మంద నేలను నిలబెడుతుంది. కదలని మంద నేలను తినివేస్తుంది.

దీనికి కంటికి కనబడే సాక్ష్యం ఒకటి ఉంది. నార్వే, ఫిన్లాండ్ దేశాల సరిహద్దున రెయిన్‌డీర్‌లు దాటకుండా కంచె వేశారు. అటు ఇటు ఒకే నేల, ఒకే వాన. నార్వే వైపు కొన్ని ప్రాంతాలలో మందలు చలికాలంలో మాత్రమే మేస్తాయి. ఫిన్లాండ్ వైపు వేసవిలో కూడా అక్కడే తిరుగుతాయి. ఉపగ్రహం నుండి తీసిన చిత్రాలలో ఆ కంచె గీత గీసినట్టు కనబడుతుంది. నార్వే వైపు లైకెన్ పరుచుకొని తెల్లగా, ఫిన్లాండ్ వైపు అది అరిగిపోయి ముదురుగా. నేలకు దొరికిన విశ్రాంతిలోనే తేడా ఉంది.

ఇప్పుడు ఒక ద్వీపం కథ చెబుతాను. అలాస్కాకు పడమట, బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే ద్వీపం ఉంది. పొడవు సుమారు 50 కిలోమీటర్లు. మనుష్యుల ఊళ్ళు లేవు, తోడేళ్ళు లేవు. 1944లో, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, అమెరికా తీరరక్షక దళం అక్కడ ఒక చిన్న స్థావరం నడిపింది. ఓడలు రాలేకపోతే సిబ్బందికి ఆహారంగా ఉంటాయని 29 రెయిన్‌డీర్‌లను తెచ్చి వదిలారు. యుద్ధం ముగిసింది, మనుష్యులు వెళ్ళిపోయారు. రెయిన్‌డీర్‌లు మిగిలాయి.

ఎవరూ మేయని లైకెన్ ఆ ద్వీపంలో కొన్నిచోట్ల నాలుగంగుళాల మందాన పరుచుకొని ఉంది. డేవిడ్ క్లైన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1957లో వెళ్ళి లెక్కిస్తే 1,350 ఉన్నాయి. బలంగా, కొవ్వుపట్టి ఉన్నాయి. అయితే కొన్నిచోట్ల లైకెన్ అరిగిపోవడం ఆయన అప్పుడే గమనించాడు. 1963లో మళ్ళీ వెళితే 6,000 ఉన్నాయి! కాని వాటి శరీరాల బరువు తగ్గింది, పిల్లల సంఖ్య కూడా తగ్గింది. లైకెన్ ఉన్న చోట్ల గడ్డి మొలుస్తోంది. వేసవిలో గడ్డి చాలు. కాని చలికాలంలో ప్రాణం నిలిపే మేత మంచు క్రింద లేదు. 1963–64 చలికాలం చాలా కఠినంగా వచ్చింది, మంచు లోతుగా పడింది. 1966లో క్లైన్ తిరిగి వెళ్ళేసరికి ద్వీపమంతా ఎముకలు. బ్రతికినవి 42. వాటిలో 41 ఆడవి. ఉన్న ఒక్క మగది కూడా సంతానమివ్వగలిగినట్టు కనబడలేదు. ఒక్క పిల్ల కూడా లేదు. 1980ల నాటికి ఆ ద్వీపంలో ఒక్క రెయిన్‌డీర్ కూడా మిగలలేదు.

కథ అక్కడితో ముగియలేదు. పక్కనే హాల్ అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడ రెయిన్‌డీర్‌లను వదలలేదు. 2005లో రెండు ద్వీపాలనూ పోల్చి చూశారు. మంద నశించి 41 ఏళ్ళయినా, సెయింట్ మాథ్యూలో తిరిగి పెరిగిన లైకెన్ హాల్ ద్వీపంలోని దానిలో సుమారు 12 శాతం మాత్రమే. మేసే నోరు ఒక్కటి కూడా లేకుండా నలభై ఏళ్ళు గడిస్తే, ఎనిమిదో వంతు! వాతావరణం వేడెక్కడం కూడా ఆ ఆలస్యానికి కారణమని క్లైన్ తెలిపాడు. 1964లో పుట్టిన బిడ్డ నడివయస్సుకు వచ్చినా ఆ నేల గాయం మానలేదు. ఇరవై ఏళ్ళలో తిన్నది రెండు తరాలకైనా తిరిగి రాలేదు.

తప్పు ఎవరిది? రెయిన్‌డీర్‌లదా? అవి తమ స్వభావం చొప్పున మేశాయి. కదిలిపోవడానికి చుట్టూ సముద్రం. వాటిని తెచ్చి, కాపరి లేకుండా వదిలి వెళ్ళిన మనుష్యులది ఆ బాధ్యత. 34వ అధ్యాయం కాపరులతోనే ఎందుకు మొదలవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది.

సంఘ చరిత్రలో కూడా దీనికి సంబంధించిన ఒక అధ్యాయం ఉంది. 19వ శతాబ్దం చివరలో షెల్డన్ జాక్సన్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ అలాస్కాలో విద్యాధికారిగా ఉన్నాడు. వ్యాపారుల ఓడలు తిమింగలాలను, వాల్రస్‌లను విపరీతంగా చంపడం వలన అక్కడి తీరప్రాంత ప్రజలు ఆకలికి లోనయ్యారని ఆయన చూశాడు. సైబీరియా నుండి రెయిన్‌డీర్‌లను తెప్పించాడు. 1892లో 171 వచ్చాయి. 1902 నాటికి మొత్తం సుమారు 1,280 తెచ్చారు. మందను పెంచడం నేర్పడానికి 1894లో నార్వే నుండి సామీ జాతి కాపరులు వచ్చారు. వారు లూథరన్ విశ్వాసులు. వారి కోసం బ్రెవిగ్ అనే లూథరన్ పాస్టరు కూడా వచ్చాడు.

సామీ కాపరుల పద్ధతి ఏమిటంటే, రాత్రింబగళ్ళు మందతో ఉండడం, మేత అరగకముందే మందను కదిలించడం. తరువాతి కాలంలో మందలు పెరిగి పెద్ద వ్యాపారమైంది. చాలామంది మందలను విడిచిపెట్టి, లెక్క కోసం, కోత కోసం మాత్రమే కూడగట్టసాగారు. 1930లలో అలాస్కాలో సుమారు 6 లక్షల రెయిన్‌డీర్‌లు ఉండేవి. 1950 నాటికి సుమారు 25 వేలు. తోడేళ్ళు తిన్నవి ఉన్నాయి, అడవి కారిబూలతో కలిసిపోయినవి ఉన్నాయి, లైకెన్ అరిగిపోయి పోయినవి ఉన్నాయి. ఆకలిగొన్నవారి కొరకు మంచి మనస్సుతో మొదలుపెట్టిన పనే. కాని కాపరి మంద వెంట నడవడం మానినప్పుడు, మంచి మనస్సు ఒక్కటే మేతను కాపాడలేకపోయింది.

ఈనాటి పరిస్థితి ఇంకా కష్టంగా ఉంది. టండ్రా త్వరగా వేడెక్కుతోంది. చలికాలంలో మంచుకు బదులు వాన పడి, అది గడ్డకట్టి, లైకెన్ మీద అద్దంలాంటి పొర ఏర్పడుతోంది. గిట్టలు దానిని పగలగొట్టలేవు. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013–14 చలికాలంలో ఈ విధంగా సుమారు 61,000 రెయిన్‌డీర్‌లు ఆకలితో చనిపోయాయి. అలాస్కాలోని పశ్చిమ ఆర్కిటిక్ కారిబూ మంద 2003లో సుమారు 4,90,000 ఉండగా, 2023లో సుమారు 1,52,000 మాత్రమే. దీనికి కారణాలు అనేకం. అయితే కదిలే దారులు, విశ్రమించే నేలలు ఎంత తగ్గితే ఆ మందలకు తట్టుకొనే బలం అంత తగ్గుతుంది.

ప్రియులారా, ఇందులో నుండి మూడు సంగతులు మీ హృదయాలలో ఉంచుకోండి.

మొదటిది, ఆశీర్వాదాన్ని మంద లెక్కతో మాత్రమే కొలవకండి. 1963లో 6,000 రెయిన్‌డీర్‌లను చూసినవారెవరైనా, 29 నుండి ఎంత వృద్ధి అని ఆశ్చర్యపడి ఉంటారు. కాని వాటి కాళ్ళ క్రింద మేత అప్పటికే అయిపోయింది. సామెతల గ్రంథం 27వ అధ్యాయం చివర జ్ఞాని మందల స్థితిని, పొలంలోని గడ్డిని ఒకేచోట చెబుతున్నాడు. మందను చూసేవాడు మేతను కూడా చూడాలి. మన కుటుంబం, మన సంఘం, మన పని పెరుగుతున్నప్పుడు సంతోషించండి. అదే సమయంలో క్రింద చూడండి. ఆ పెరుగుదలను మోసేవారు అలసిపోతున్నారా? నీరు, నేల, ఇంటి సమాధానం, ప్రార్థన అరిగిపోతున్నాయా? వేసవిలో ఆ లోటు కనబడదు. కఠినమైన చలికాలం వచ్చిన రోజునే బయటపడుతుంది.

రెండవది, విశ్రాంతి అనేది మిగిలిపోయిన సమయం కాదు, దేవుని ఆజ్ఞ. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఏడవ సంవత్సరం భూమికి విశ్రాంతి. ఆ ఏడు దానంతట అది పండినది యజమానికే కాదు, దాసునికి, పరదేశికి, పశువులకు, అడవి మృగాలకు కూడా. ఇశ్రాయేలు ఆ ఆజ్ఞను లక్ష్యపెట్టలేదు. రెండవ దినవృత్తాంతముల గ్రంథం చివరి అధ్యాయం ఏమి చెబుతుంది? జనులు చెరలో ఉన్న 70 ఏళ్ళు భూమి తనకు రావలసిన విశ్రాంతిని అనుభవించింది. మనం ఇవ్వని విశ్రాంతిని నేల మన దగ్గర నుండి తీసుకుంటుంది. మనం ఇస్తే పంట ఉంటుంది. అది తీసుకుంటే చెర ఉంటుంది.

మూడవది, క్షమాపణకు, కోలుకోవడానికి ఉన్న తేడా తెలుసుకోండి. పశ్చాత్తాపపడి ప్రభువు దగ్గరకు వచ్చిన వానికి క్షమాపణ ఆ క్షణమే దొరుకుతుంది. సిలువ రక్తం దానిని పూర్తి చేసింది. కాని తొక్కివేసిన మేత ఆ క్షణమే మొలవదు. పగిలిన నమ్మకం, పాడైన నేల, నలిగిన మనుష్యుడు, ఇవి ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతాయి. క్షమించబడ్డాను గనుక అంతా వెంటనే సరి కావాలి అని తొందరపెట్టకండి. తొక్కడం ఆపండి. కంచె వేయండి. ఓపికగా ఎదురుచూడండి. సెయింట్ మాథ్యూలో మానివేసింది ఎనిమిదో వంతే అయినా, ఆ ఎనిమిదో వంతు బ్రతికే ఉంది, పెరుగుతూనే ఉంది. అది కూడా దేవుని కృపయే.

మన మంచి కాపరి మందను ఒకచోట విడిచి వెళ్ళిపోయేవాడు కాడు. ముందుగా నడుస్తాడు, గొఱ్ఱెలు ఆయనను వెంబడిస్తాయి, లోపలికి బయటికి పోతూ మేత కనుగొంటాయి అని యోహాను సువార్త 10వ అధ్యాయం బోధిస్తుంది. ఆయన కదలమన్నప్పుడు కదలండి. ఆగమన్నప్పుడు ఆగండి. తిన్న తరువాత మిగిలినదానిని వెనుక వచ్చే బలహీనుని కొరకు శుభ్రంగా విడిచిపెట్టండి.

ప్రార్థన చేసుకుందాము. పరిశుద్ధుడవైన తండ్రీ, మంచు క్రింద కూడా నీ జీవులకు మేత దాచిన దేవా, నీకు స్తోత్రములు. మేము తిన్న మేత నీవిచ్చినదే. మేము తొక్కి పాడుచేసిన దాని విషయమై మమ్మును క్షమించుము. మా చేతి క్రింద ఉన్న నేలకు, మనుష్యులకు విశ్రాంతినిచ్చే మనస్సు మాకు దయచేయుము. మా తరువాత వచ్చే పిల్లలు మా గుంటలో ఖాళీ మట్టిని చూడకుండునట్లు మమ్మును నడిపించుమని, మంచి కాపరియైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.